థాయ్ పౌరసత్వం వచ్చాక ఒంటినీ ఇంటినీ ఎలా కుదుటపరుచుకోవాలి

థాయ్ గుర్తింపు కార్డు మీద 13 అంకెలుంటాయి. పుట్టుకతో ఇక్కడివాళ్ళ నంబరు ఎక్కువగా 1తోనో 3తోనో మొదలవుతుంది. మనలా బయటి దేశం నుంచి వచ్చి పౌరులైనవాళ్ళది 8తో మొదలవుతుంది, చివరిదాకా అలాగే ఉంటుంది. కార్డు చూసినవాళ్ళకు తెలిసిపోతుందే అని నొచ్చుకోకండి. ఆసుపత్రి కిటికీ దగ్గరైనా, భూముల కార్యాలయంలోనైనా ఆ కార్డు చేసే పని మిగతా కార్డుల్లాంటిదే.

నేను ఒంగోలు వైపు నుంచి బ్యాంకాక్ వచ్చి 19 ఏళ్ళు. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి గెజెట్‌లో పేరు పడేదాకా ఏళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళలో కాగితాలను భద్రం చేసుకున్నంతగా ఒంటిని చేసుకోలేదు. ప్రమాణం చేసే నాటికి 9 కిలోలు పెరిగాను, పరగడుపు చక్కెర 114కి చేరింది. ఒంటి సంగతి ఒకటి, ఈ ఊళ్ళో ఒకడిగా కలిసిపోవడం ఇంకొకటి అనుకునేవాణ్ణి. రెండూ ఒకే పని అని పార్కులో నడక మొదలుపెట్టాక తెలిసింది. అందుకే ఇక్కడ కలిపే చెబుతున్నాను.

మొదటి 60 రోజులు: కాగితాల పని

పౌరసత్వం అమలయ్యేది మీరు ప్రమాణం చేసిన రోజు నుంచి కాదు, రాజపత్రంలో, అంటే గెజెట్‌లో, ప్రకటన వెలువడిన రోజు నుంచి. ఆ పేజీ ముద్రించుకుని దాచండి. తర్వాత చాలా లెక్కలు ఆ తేదీ మీదే నడుస్తాయి.

ముందుగా మీ ఖేత్ కార్యాలయానికి వెళ్ళండి. ఖేత్ అంటే మన క్షేత్రమే, బ్యాంకాక్‌లో జిల్లా కార్యాలయం. బయటి రాష్ట్రాల్లో దాన్ని అంఫే అంటారు. థబియన్ బాన్ అనే నీలం రంగు ఇంటి పుస్తకంలో మీ వివరాలు థాయ్ జాతీయతతో ఎక్కించాలి. ఆ తర్వాతే గుర్తింపు కార్డు. జాతీయత వచ్చిన 60 రోజుల్లోపు కార్డుకు దరఖాస్తు చేయాలి. అది 8 ఏళ్ళు చెల్లుతుంది. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నానికి చేతిలో పడుతుంది. ఇంటి పుస్తకం ఎవరి పేరున ఉందో ఆ ఇంటి పెద్దను వెంట తీసుకెళ్ళండి. నేను ఒక్కణ్ణే వెళ్ళి ఒక పూట పోగొట్టుకున్నాను.

పేరు సంగతి. థాయ్ పేరు, ఇంటిపేరు దరఖాస్తు దశలోనే పెట్టుకుని ఉంటారు. ఇక్కడ ఇంటిపేర్లు చట్టంగా వచ్చిందే 1913లో, ఆరో రామ రాజు కాలంలో. కొత్తగా పెట్టుకునే ఇంటిపేరు దేశంలో మరొకరికి ఉండకూడదు, హల్లులు 10కి మించకూడదు. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. వీళ్ళకు పేరే ముందు, పిలుపూ పేరుతోనే, దానికి ముందు ‘ఖున్’ అని గౌరవం. బ్యాంకు, బీమా, పిల్లల బడి, కరెంటు బిల్లు, ఫోను సిమ్ము, అన్నిచోట్లా ఒకే అక్షరక్రమం పడేలా ఒక చీటీ రాసి జేబులో పెట్టుకోండి. ఒక్క చోట ఒక అచ్చు తేడా వచ్చినా ఆసుపత్రిలో పాత రికార్డు దొరకదు.

ఇక భారత పాస్‌పోర్టు. 1955 నాటి మన పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వేరే దేశపు పౌరసత్వం కోరి తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఆ తర్వాత పాత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయడం నేరం. థాయ్ జాతీయతా చట్టం 19వ సెక్షన్ కూడా పాత జాతీయతను వాడుకుంటున్నట్టు తేలితే ఇచ్చిన పౌరసత్వం వెనక్కి తీసుకోవచ్చు అంటుంది. ఇక్కడ నివాసం లేకుండా 5 ఏళ్ళకు మించి విదేశంలో ఉండిపోయినా అంతే. అంటే రెండు వైపులా ఇరుక్కుంటారు. ‘ఈ ఒక్క సంక్రాంతికి పాతదాని మీద వెళ్ళొచ్చేస్తే’ అనే ఆలోచన రానీయకండి. భారత రాయబార కార్యాలయంలో పాస్‌పోర్టు అప్పగించి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని, దానితో ఓసీఐకి, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే కార్డుకు, పెట్టుకోండి. ఓసీఐ చేతికొచ్చేలోపు ఊరికి వెళ్ళాల్సొస్తే థాయ్ పాస్‌పోర్టు మీద వీసా తీసుకోండి. థాయ్ పాస్‌పోర్టు 5 ఏళ్ళదైతే 1,000 బాత్, 10 ఏళ్ళదైతే 1,500.

ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. ఓసీఐ ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌసులు కొనలేరు. తాతతండ్రుల నుంచి వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. కాబట్టి అన్నదమ్ముల మధ్య పంపకాలు నడుస్తుంటే ప్రమాణం తేదీకి ముందే తేల్చుకోండి. బ్యాంకు ఖాతాలనూ ప్రవాస ఖాతాలుగా మార్చుకోవాలి, ఓటరు జాబితాలో పేరు తీయించుకోవాలి.

ఓటు ఇక్కడా వెంటనే రాదు. 2017 రాజ్యాంగం ప్రకారం మనలాంటివాళ్ళకు జాతీయత వచ్చి 5 ఏళ్ళు నిండాలి. గెజెట్ పేజీ దాచమన్నది అందుకే.

రెండో పని: మీ వైద్య హక్కు ఏదో తేల్చుకోండి

ఉద్యోగంలో ఉంటే మీకు ప్రకన్ సంఖోమ్ అనే సామాజిక బీమా ముందే ఉంటుంది. పౌరసత్వం వల్ల అందులో పెద్దగా మారేదేమీ లేదు. జీతంలో నిర్ణీత పరిమితి మేరకు 5 శాతం మీరు, అంతే యజమాని కడతారు. మీరు ఎంచుకున్న ఒక ఆసుపత్రిలో వైద్యం. ఇంటికి దూరంగా ఉన్న పేరుమోసిన ఆసుపత్రి కంటే, రద్దీలో కూడా అరగంటలో చేరగలిగిందే మేలు. ఏటా మొదటి 3 నెలల్లో మార్చుకోవచ్చు. సందేహాలకు 1506.

ఉద్యోగం లేనివాళ్ళకు, సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళకు అసలు మార్పు ఇక్కడే. 2002లో మొదలైన సార్వత్రిక వైద్య పథకం, జనం బాట్ తోంగ్ అంటే బంగారు కార్డు అని పిలిచేది, థాయ్ జాతీయులకే. శాశ్వత నివాసిగా ఎన్నేళ్ళున్నా రానిది ఈ కార్డుతో వస్తుంది. ఒక్కో రాకకు 30 బాత్ అనే లెక్క మీద దాన్ని 30 బాత్ పథకం అని కూడా అంటారు. 1330కి ఫోన్ చేసి మీ 13 అంకెలు చెబితే మీ పేరు ఏ క్లినిక్ కింద ఉందో చెప్తారు. ఒంట్లో బాగున్నప్పుడే వెళ్ళి పేరు నమోదు చేయించుకుని రండి. జ్వరంతో మొదటిసారి వెళ్ళి థాయ్‌లో ఫారం నింపడం ఎంత కష్టమో మా ఆవిడను అడిగితే చెబుతుంది.

ఉద్యోగం మానేవాళ్ళకు ఒక గడువుంది. కనీసం 12 నెలలు కట్టి ఉంటే, మానేసిన 6 నెలల్లోపు 39వ సెక్షన్ కింద సొంతంగా కట్టుకుంటూ సామాజిక బీమాలోనే కొనసాగవచ్చు. గడువు దాటితే బంగారు కార్డే. రెండింట్లో ఏది మేలో మీ వయసు, పింఛను లెక్క చూసుకుని నిర్ణయించుకోండి.

ప్రాణం మీదికొస్తే 1669. ఆ స్థితిలో దగ్గర్లోని ఏ ఆసుపత్రైనా, ప్రైవేటుదైనా, మొదటి 72 గంటలు చేర్చుకుని చూడాలనే నిబంధన ఉంది. ఇంట్లో అందరికీ ఈ నంబరు నోటికి రావాలి, మీ సోయి (అంటే సందు) పేరు థాయ్‌లో పలకడమూ రావాలి.

హక్కు తేలాక ఒక పరీక్ష చేయించుకోండి. పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు, కొవ్వులు, బీపీ, మూత్రపిండాలు. 100 నుంచి 125 మధ్య పరగడుపు చక్కెర ఉంటే అది ముందస్తు హెచ్చరిక, 126 గానీ ఆపైన గానీ ఉండి రెండోసారీ అలాగే వస్తే మధుమేహం. శాకాహారులైతే బీ12 కూడా అడగండి. మన దక్షిణాసియా ఒంటి తీరుకు తూకం కన్నా నడుము కొలతే నిజం చెబుతుంది. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. నాది 98. ఆ అంకెను వంటగది గోడ మీద తేదీ వేసి రాశాను.

మూడోది, ముఖ్యమైనది: ఒక చోటు, ఒక వేళ

జిమ్ సభ్యత్వం కొనకండి. అంటే, ఎప్పటికీ వద్దని కాదు, మొదటి ఏడాది వద్దు. జిమ్‌లో అందరి చెవుల్లోనూ పాటలుంటాయి, మీతో మాట్లాడేవాళ్ళు దొరకరు. పార్కుకు వెళ్ళండి. అదీ ఒకే పార్కుకు, ఒకే వేళకు, వారానికి కనీసం 4 రోజులు.

లుంఫినీ పార్కు చుట్టూ నడకదారి ఒక చుట్టు 2.5 కిలోమీటర్లు. తెల్లవారుజామున 4:30కే గేట్లు తెరుస్తారు. చెరువు గట్టు మీద ఉడుములు ఎండ కాచుకుంటూ ఉంటాయి. వాటి జోలికి వెళ్ళకపోతే అవీ మీ జోలికి రావు. అక్కణ్ణుంచి 1.3 కిలోమీటర్ల పచ్చవంతెన ఎక్కితే బెంజకిత్తి పార్కులో దిగుతారు. ఆ వనం ఒకప్పుడు ప్రభుత్వ పొగాకు సంస్థ స్థలం. 2022లో పూర్తిగా అడవి పార్కుగా తెరిచారు. పొగాకు బ్యారన్ల మధ్య పెరిగిన నాకు, పొగాకు గోదాముల చోట ఇప్పుడు నీటికుంటలూ చెట్లూ ఉండటం చూస్తూ నడవడం ఎప్పటికీ పాతబడదు. ఉత్తరం వైపు ఉండేవాళ్ళకు చతుచక్ పక్కన సువాన్ రోత్ ఫై, అక్కడ సైకిళ్ళు అద్దెకిస్తారు. సైకిలు ఇష్టమైతే సువర్ణభూమి విమానాశ్రయం పక్కన 23.5 కిలోమీటర్ల ట్రాకు ఉంది. కార్డు చూపించి పేరు నమోదు చేసుకుంటే చాలు, డబ్బు అక్కర్లేదు. కొత్తవాళ్ళకు అక్కడే 1.6 కిలోమీటర్ల చిన్న ట్రాకూ ఉంది. చావ్ ఫ్రయా నది అవతల బాంగ్ క్రచావ్‌లో కొబ్బరి తోటల మధ్య సైకిలు తొక్కవచ్చు. కోనసీమ వాళ్ళు అక్కడికి ఒకసారి వెళ్తే మళ్ళీ మళ్ళీ వెళ్తారు.

వేళ రెండుంటాయి, పొద్దుట 5:30 లేదా సాయంత్రం 5:30. సాయంత్రం వెళ్ళేవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. సరిగ్గా 6 గంటలకు మైకుల్లో జాతీయగీతం వస్తుంది. ఆ క్షణాన పార్కు మొత్తం ఆగిపోతుంది. పరుగెత్తేవాళ్ళు ఉన్నచోటే నిలబడతారు, చెమట కారుతున్నా తుడుచుకోరు. మీరూ ఆగండి, గడియారం నొక్కుకోవద్దు. గీతం ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టి ఉంటారు. అక్కడ పెదవుల మధ్య అనుకుంటూ నిలబడితే, ఆ మాటలు పరీక్ష కోసం కాక మొదటిసారి మీ కోసం వస్తాయి. ఉదయం 8 గంటలకూ ఇదే పద్ధతి, స్టేషన్లలో కూడా.

అదే వేళకు పార్కుల్లో ఏరోబిక్స్ జరుగుతుంది. వేదిక మీద ఒకరు, కింద వంద మంది. నడివయసు ఆడవాళ్ళు ఎక్కువ. మగవాళ్ళు సిగ్గుపడి అంచుల్లో నిలబడతారు. చివరి వరుసలో చేరండి, ఎవరూ చూడరు. మా ఆవిడ అలాగే చేరింది. మూడు వారాలకు రెండో వరుసకు వెళ్ళింది. ఆ వరుసలోని ‘పా’ (పెద్దమ్మ వరస) ఒకామె ద్వారానే మాకు నమ్మకమైన పళ్ళ డాక్టరు, ఇంటి పైపులు బాగుచేసేవాడు, అబ్బాయికి లెక్కల ట్యూషను దొరికాయి.

పిలుపులు నేర్చుకోండి. ఇక్కడ మనలాగే వరసలు కలుపుతారు. మీకంటే కాస్త పెద్దవాళ్ళు ‘ఫీ’, చిన్నవాళ్ళు ‘నోంగ్’, అమ్మానాన్నల కంటే పెద్ద వయసువాళ్ళు ‘లుంగ్’, ‘పా’. మన అన్న, అక్క, పెద్దనాన్న, పెద్దమ్మ లాగే. మొదటి పరిచయంలోనే మీ వయసడిగితే తప్పు పట్టకండి. ఏ వరస కలపాలో తెలియాలి కదా. ‘కిన్ ఖావ్ రుయాంగ్’ అని పలకరిస్తారు. అన్నం తిన్నారా అని. ఆ పలకరింపు మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఎంత చేయాలి? మొదటి నెల రోజుకు 20 నిమిషాల నడక, పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగంతో. రెండో నెల 35. మూడో నెల నుంచి 40 నిమిషాల్లో మధ్యమధ్య ఒక్కో నిమిషం పరుగు. లక్ష్యం వారానికి 150 నిమిషాలు తగ్గకుండా. దానికి తోడు వారానికి రెండు రోజులు కండబలం పని. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 12 సార్లు చొప్పున మూడు విడతలు, గోడకానుకుని దండీలు, రెండు నీళ్ళ డబ్బాలు ఎత్తడం. యాభై దాటినవాళ్ళకు ఈ రెండు రోజులే నడక కన్నా ముఖ్యం అని నా నమ్మకం. నేను మొదటి ఏడాది ఇది వదిలేసి మోకాళ్ళతో బాధపడ్డాను.

ఇక్కడి పరుగు పోటీల్లో ఒక్కదానికైనా పేరివ్వండి, 5 కిలోమీటర్లదైనా సరే. 2017లో గాయకుడు ఆథివరా ఖోంగ్‌మాలై దక్షిణపు కొస బేతోంగ్ నుంచి ఉత్తరపు కొస మే సాయ్ దాకా 55 రోజుల్లో దాదాపు 2,200 కిలోమీటర్లు పరుగెత్తి 11 ప్రభుత్వాసుపత్రులకు విరాళాలు కూడగట్టాడు. రోడ్డు పక్కన బడిపిల్లలు, ముసలివాళ్ళు నిలబడి చేతిలో నోట్లు పెట్టారు. ఇక్కడ పరుగంటే ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. ఆ మాట ఎత్తితే పార్కులో ఎవరైనా మీతో పావుగంట మాట్లాడతారు.

మువాయ్ థాయ్ అనే ఇక్కడి బాక్సింగ్ నేర్చుకోవాలని ఉంటే నేర్చుకోండి. తల మీద దెబ్బలు లేని, సంచిని కొట్టే సాధన చాలు. పోటీకి ముందు చేసే ‘వై ఖ్రూ’ అంటే గురువందనం. ఖ్రూ మన గురువే.

గాలి, ఎండ, కుక్కలు, దోమలు

డిసెంబరు నుంచి మార్చి దాకా బ్యాంకాక్ గాలిలో పీఎం 2.5 ధూళి పెరుగుతుంది. చియాంగ్ మై వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు మరీ ఘోరం, పొలాల్లో, అడవుల్లో మంటల వల్ల. కాలుష్య నియంత్రణ శాఖ వారి ఎయిర్‌ఫోర్‌థాయ్ యాప్ ఫోనులో పెట్టుకోండి. 24 గంటల సగటుకు ఇక్కడి ప్రమాణం 37.5 మైక్రోగ్రాములు. నా పద్ధతి ఇది. నీలం, ఆకుపచ్చ ఉంటే పరుగు. పసుపు ఉంటే నడక. నారింజ కనబడితే ఇంట్లోనే కండబలం పని. ఎరుపైతే కిటికీలు మూసి, గాలి శుద్ధి యంత్రం పెట్టుకుని విశ్రాంతి. మాస్కు పెట్టుకుని పరుగెత్తడం వీరత్వం కాదు. పిల్లల విషయంలో ఒక రంగు ముందే ఆగండి.

ఏప్రిల్, మే ఎండల్లో పొద్దుట 7 గంటలలోపు ఇంటికి చేరాలి. మన కోస్తా ఉక్క తెలిసినవాళ్ళం కదా అని ధీమా వద్దు. చెమట ఆరదు కాబట్టి ఒంటి వేడి దిగదు. తల తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయినా వెంటనే నీడకు చేరి మెడ, చంకలు తడపండి.

సోయి కుక్కలు పగలు పడుకుంటాయి, తెల్లవారుజామున లేస్తాయి. వాటి ముందు పరుగెత్తకండి, నడిచి దాటండి. కరిచినా గీరినా సబ్బునీళ్ళతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్ళాలి. నాలుగో రామ రోడ్డులో థాయ్ రెడ్‌క్రాస్ వారి సావోవభా సంస్థ ఇందుకు పేరుపొందింది. పాముల క్షేత్రం అంటే టాక్సీవాళ్ళు తీసుకెళ్తారు. వానాకాలంలో డెంగీ. తెల్లారేవేళ, సందెవేళ కుట్టే దోమే దానికి మూలం, మన నడక వేళలూ అవే. కాళ్ళకు మందు రాసుకుని వెళ్ళండి. జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తపరీక్ష చేయించండి.

తిండి

నా 9 కిలోల్లో సగం ఇక్కడి చక్కెరది, సగం మన అన్నానిది. వీధి బండి మీద నూడుల్స్ గిన్నెతో పాటు నాలుగు డబ్బాలు వస్తాయి. చేపల ఉప్పునీరైన నామ్ ప్లా, ఎండుమిరప పొడి, మిరపకాయల వెనిగర్, నాలుగోది చక్కెర. ఆ నాలుగో డబ్బా ముట్టుకోకండి. చల్లటి నారింజ రంగు టీ, చా యెన్, ఒక గ్లాసులో తీపి పాలూ చక్కెరా కలిపి ఒక పూట అన్నమంత పని చేస్తుంది. ‘వాన్ నోయ్’ అంటే తీపి తక్కువ. ‘మై సై నామ్ తాన్’ అంటే చక్కెర వేయొద్దు. సోమ్ తమ్ అనే బొప్పాయి పచ్చడికి కూడా ఈ మాట చెప్పాలి, తాటిబెల్లం బాగా వేస్తారు. ఈ రెండు మాటలతోనే మొదటి నాలుగు నెలల్లో నాకు రెండున్నర కిలోలు తగ్గాయి.

ఇంట్లో అన్నం మానక్కర్లేదు. ఖావ్ క్లోంగ్ అని అడిగితే దంపుడు బియ్యం ఇస్తారు, ఊదారంగు రైస్‌బెర్రీ కూడా బజార్లో మామూలే. తెల్లన్నంలో సగానికి సగం కలిపి మొదలుపెట్టండి. ఉప్పు సంగతి జాగ్రత్త. పగలు నామ్ ప్లా, రాత్రి ఆవకాయ అంటే బీపీకి రెండు వైపులా వాయింపే. ఏదో ఒక పూట ఎంచుకోండి.

శాకాహారులు ‘జే’ అన్న మాట నేర్చుకోవాలి. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరం ఉన్న బండి దగ్గర మాంసం, చేపనీళ్ళు, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, మన కార్తీక సోమవారం వంటలా. అక్టోబరు ప్రాంతంలో తొమ్మిది రోజుల జే పండుగలో ఊరంతా ఈ జెండాలే. అయితే జే అంటే తేలిక అనుకోవద్దు. సగం నూనెలో వేయించినవి, పిండితో చేసిన బూటకపు మాంసాలు. టోఫు, ఆకుకూరలు చూసి తీసుకోండి.

నిజంగా కుదురుకోవడం మొదలైంది నాకు ఆకుకూరల దగ్గర. మనం దొండకాయ తింటాం, వీళ్ళు దొండాకు తింటారు. తమ్లుంగ్ అని పేరు, పలచటి చారులో వేస్తారు. కంచెల మీద ఉచితంగా పాకుతుంది. ఫక్ బుంగ్ మన తూటికూర. బై బువా బోక్ సరస్వతి ఆకు, రసం తీసి అమ్ముతారు. దాన్నీ చక్కెర లేకుండా అడగాలి. డోక్ ఖే అంటే అవిసె పూలు. మరుమ్ మన ములక్కాడ, దానితో గేంగ్ సోమ్ అనే పుల్లటి కూర చేస్తారు. చింతపండు పులుపు నాలుకకు తగలగానే పులుసే గుర్తొస్తుంది. చలికాలం మొదట్లో వేప పూత గుత్తులు బజారుకొస్తాయి. సదావ్ అంటారు. ఉడికించి, చింతపండు, తాటిబెల్లం, చేపనీళ్ళు కలిపిన తియ్యటి చట్నీతో తింటారు. వేప, చింతపండు, బెల్లం! బజార్లో మొదటిసారి అది రుచి చూసినప్పుడు నాకు ఉగాది మూడు నెలలు ముందే వచ్చినట్టయింది. అమ్మే ఆవిడకు మన పచ్చడి సంగతి చెబితే, నామ్ ప్లా లేకుండా విడిగా చేసిపెట్టింది. అప్పటినుంచి ఆమె బండి దగ్గర నాకు ‘అప్పు’ కూడా పుడుతుంది.

మాట, పండగ

ఇంటర్వ్యూ అయిపోగానే థాయ్ చదవడం మానేసేవాళ్ళను చాలామందిని చూశాను. మానొద్దు. రోజుకు పది నిమిషాలు చాలు, ఆసుపత్రి మాటలతో మొదలుపెట్టండి. మనకు సగం వచ్చినవే. ఆరోగ్యం సుక్ఖఫాప్, అందులో మన సుఖం, భావం ఉన్నాయి. రోగం ‘రోక్’, వైద్యుడు ‘ఫేత్’, వయసు ‘ఆయు’, ఆహారం ‘ఆహాన్’. మధుమేహం మాత్రం ‘బావ్ వాన్’, తియ్యటి మూత్రం. రాయడంలో తెలుగు లిపి తెలిసినవాళ్ళకు హల్లుల వరస ఇట్టే పట్టుబడుతుంది, క, ఖ నుంచే మొదలు. స్వరాల ఎగుడుదిగుళ్ళే కష్టం, అవి పుస్తకంలో కాదు, పార్కులో ‘లుంగ్’ల దగ్గర వస్తాయి.

ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్. సంక్రాంతి అన్న మాటే అది, సూర్యుడు మేషంలోకి వచ్చే వేళ. వీధిలో నీళ్ళు చల్లుకోవడం ఒక సగం. రెండో సగం, మీ సోయిలో పెద్దవాళ్ళ చేతుల మీద మల్లెపూలు వేసిన నీళ్ళు పోసి దీవెన తీసుకోవడం. ఆ పిలుపు కోసం ఎదురుచూడకండి, చిన్న గిన్నె పట్టుకుని మీరే వెళ్ళండి. నవంబరులో లోయ్ క్రథోంగ్ దాదాపుగా మన కార్తీక పౌర్ణమి రోజే వస్తుంది. అరటిదొప్పలో దీపం నీళ్ళలో వదలడం మనకు కొత్తా? ఆ రాత్రి రెండు ఊళ్ళ దీపమూ ఒకటే వదులుతాం మేము.

ఏడాది చివర: ఒక కొండ

మొదటి ఏడాదికి ఒక గురి పెట్టుకోండి. జాతీయ ఉద్యానాల్లో రుసుము థాయ్‌లకు ఒకటి, విదేశీయులకు ఒకటి. ఖావ్ యాయ్‌లో పెద్దవాళ్ళకు థాయ్ ధర 40 బాత్, విదేశీ ధర 400. మొహం చూసి 400 అడుగుతారు. కోప్పడకుండా కార్డు చూపండి, నవ్వి 40 తీసుకుంటారు. అక్కడి అడవి దారుల్లో రెండు మూడు సార్లు నడిచాక లోయి రాష్ట్రంలో ఫూ క్రదుంగ్‌కు సిద్ధం కండి. వానాకాలంలో మూసేస్తారు, అక్టోబరులో తెరుస్తారు. కింది నుంచి పీఠభూమి అంచుదాకా 5.5 కిలోమీటర్ల ఎక్కుడు, ఆపైన విడిదికి ఇంకా కొంత చదును నడక. సామాను కిలోల లెక్కన మోసే కావడివాళ్ళుంటారు, వాళ్ళకివ్వండి.

ఎనిమిది వారాల ముందు నుంచి సాధన చేయండి. మీ భవనం మెట్లు వారానికి మూడుసార్లు, మొదట 10 అంతస్తులు, చివరికి 40. దిగేటప్పుడు లిఫ్టు వాడకండి. కొండ మీద కాళ్ళు వణికేది ఎక్కేటప్పుడు కాదు, మర్నాడు దిగేటప్పుడే. బూట్లు కొత్తవి వేసుకోవద్దు. ముందు రోజు గోళ్ళు తీసుకోండి, చేతికర్ర ఒకటి కింద దుకాణంలోనే కొనుక్కోండి, పొద్దున్నే బయల్దేరండి. నేను పోయినేడు ఆ ఏరోబిక్స్ ‘పా’ కుటుంబంతో కలిసి ఎక్కాను. నడుము ఇప్పుడు 89.